తులూజ్ దగ్గర అవేరాన్ పల్లెలు: కత్తులు, తోలు గ్లవ్స్, గొర్రెపాల చీజ్ అన్నీ ఒక్క జిల్లాలోనే ఎట్లా?

హబ్సిగూడ_హారిక:

అందరికీ నమస్తే. మే నెల మధ్యలో ఆఫీసు ట్రైనింగ్ కోసం ఫ్రాన్స్‌లో తులూజ్ వెళ్తున్నా, జూన్ దాకా అక్కడే, శని ఆదివారాలు ఖాళీ. పారిస్ చూసి రమ్మని అందరూ చెప్తున్నారు గానీ నాకు ఊళ్ళల్లో చేత్తో పనిచేసేవాళ్ళని చూడటం ఇష్టం, ఇక్కడ కూడా వీలు దొరికితే పోచంపల్లి, పెంబర్తి, చేర్యాల అని తిరుగుతూనే ఉంటా. తులూజ్‌కి ఈశాన్యం వైపు అవేరాన్ అని ఒక జిల్లా ఉందట, అక్కడ లయోల్ అనే ఊరి కత్తులు, మియో అనే ఊరి తోలు గ్లవ్స్, రోక్‌ఫోర్ అనే ఊరి చీజ్, మూడూ ప్రపంచం మొత్తానికి తెలిసినవేనట. జనం పెద్దగా లేని ఒక పల్లెటూరి జిల్లాలో ఇన్ని ఎందుకు పుట్టాయి? ఆ నేల ఎలాంటిది, చరిత్ర ఏంటి, ఏది ముందు చూడాలి? అటు ఉండి వచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్, బ్రోచర్లలో అందంగా ఉంది అని తప్ప ఎందుకు అనేది ఎవరూ రాయట్లేదు.

తార్నాక_ప్రవీణ్:

హారిక గారూ, నేను తులూజ్‌లో విమానాల కంపెనీకి పనిచేసినన్నాళ్ళు సెలవు దొరికితే అటే పోయేవాణ్ణి, ఆ ప్రాంతం అంటే నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా.

ముందు నేల సంగతి. తులూజ్ అంతా మైదానం, ఎర్ర ఇటుక ఊరు. ఈశాన్యానికి కారులో బయల్దేరితే మెల్లగా ఎక్కుతూ పోతాం, ఫ్రాన్స్ మధ్యలో ఉండే మాసిఫ్ సెంట్రల్ అనే పాత కొండల గుంపుకి దక్షిణపు అంచు అది. అవేరాన్ విస్తీర్ణం సుమారు 8,700 చదరపు కిలోమీటర్లు, ఫ్రాన్స్‌లో పెద్ద జిల్లాల్లో ఒకటి, జనం మాత్రం మూడు లక్షలు కూడా లేరు. విప్లవం తర్వాత 1790లో జిల్లాలు గీసినప్పుడు ఈ పేరు వచ్చింది, అంతకుముందు రూయెర్గ్ అనేవాళ్ళు, ముసలివాళ్ళు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. జిల్లా కేంద్రం రోదెజ్.

జిల్లా అంతా ఒకే నేల కాదు, మీ ప్రశ్నకి జవాబు సగం ఇక్కడే ఉంది. ఉత్తరాన ఓబ్రాక్, అగ్నిపర్వతాల నల్లరాయి, గ్రానైటు కలిసిన ఎత్తైన గడ్డిమైదానం, వెయ్యి మీటర్ల పైనే, చలికాలం మంచు, అక్కడ ఆవులు. మధ్యలో సెగలా అని పులుపు నేల, రై గింజ తప్ప ఇంకేదీ సరిగా పండేది కాదు, రైలు వచ్చాక సున్నం తెచ్చి చల్లితేనే గోధుమ పండటం మొదలైంది. దక్షిణాన కోస్ అనే సున్నపురాయి పీఠభూములు, వాటిని టార్న్ నది, దాని ఉపనదులు కత్తితో కోసినట్టు లోతుగా చీల్చేశాయి. ఈ పీఠభూముల మీద వాన ఎంత పడ్డా రాతి పగుళ్ళలోకి ఇంకిపోతుంది, పైన వాగు కనపడదు. అందుకే గొర్రెల కోసం గుంటల్లో రాళ్ళు పరిచి వాననీళ్ళు ఆపుతారు, లవోన్ అంటారు వాటిని, గుండ్రంగా భలే ఉంటాయి. చెట్లు తక్కువ కాబట్టి కలప దొరికేది కాదు, అందుకని పాత ఇళ్ళు, గొర్రెల కొట్టాలు దూలాలు లేకుండా రాతి కమాన్ల మీదే కట్టారు, కప్పు కూడా రాతి పలకలే. ఇలాంటి చోట దున్నుకుని బతకలేరు, గొర్రె ఒక్కటే బతికించింది. ఈ కోస్ పీఠభూములనీ పక్కనున్న సెవెన్ కొండలనీ కలిపి 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు, కోటల కోసం కాదు, మేపుకుని బతికే పద్ధతి కోసం.

ఇప్పుడు చీజ్. రోక్‌ఫోర్ అనే చిన్న ఊరు కొంబలూ అనే కొండ పక్కన ఉంటుంది. ఒకప్పుడు ఆ కొండ అంచు విరిగిపడింది, పడిన బండల మధ్య గుహలు, సన్నటి చీలికలు మిగిలాయి. ఆ చీలికల్లోంచి ఏడాది పొడవునా చల్లటి తడిగాలి వీస్తూనే ఉంటుంది, ఎండాకాలం పోయినా లోపల స్వెటర్ కావాలి. ఆ గాలిలో ఒక రకం బూజు బాగా పెరుగుతుంది, రై రొట్టె మీద దాన్ని పెంచి పొడి చేసి లకోన్ జాతి గొర్రెల పచ్చి పాలతో చేసిన చీజ్‌లో వేస్తారు, కనీసం 90 రోజులు మాగాలి. 1411లో ఆరో చార్లెస్ రాజు ఈ ఊరివాళ్ళకే హక్కు అని పత్రం ఇచ్చాడు, 1925లో ఫ్రాన్స్‌లో పుట్టినచోటు పేరుకి చట్టరక్షణ దొరికిన మొట్టమొదటి చీజ్ ఇదే. పాలు చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా రావచ్చు, మాగడం మాత్రం ఆ గుహల్లోనే జరగాలి.

అసలు విషయం ఇది. పాలు చీజ్‌కి కావాలి కాబట్టి గొర్రెపిల్లని తల్లి దగ్గర ఎక్కువ రోజులు ఉంచలేరు. చిన్న వయసు పిల్ల తోలు పల్చగా, మెత్తగా ఉంటుంది, చెప్పులకీ బ్యాగులకీ పనికిరాదు గానీ చేతి గ్లవ్స్‌కి అంతకంటే మంచిది లేదు. మియో ఊరు సరిగ్గా రెండు నదులు కలిసే చోట ఉంది, టార్న్, దూర్బీ, తోళ్ళు కడగటానికి నీళ్ళకి కొదవ లేదు. అంటే చీజ్ వాళ్ళు వద్దనుకున్నదే గ్లవ్స్ వాళ్ళకి ముడిసరుకు. రెండు పనులూ ఒకే మందలోంచి వచ్చాయి. 20వ శతాబ్దంలో మియోలో వేలమంది ఇదే పని చేసేవాళ్ళు, కుట్టుపని ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసేవాళ్ళు. తర్వాత జనం గ్లవ్స్ వేసుకోవడం మానేశారు, ఊరు చాలా దెబ్బతింది, ఇప్పుడు కొన్ని వర్క్‌షాపులే మిగిలాయి. 1892లో పెట్టిన కోస్ అనే కంపెనీ, 1924లో పెట్టిన ఫాబ్ర్ అనే కంపెనీ ఇంకా నడుస్తున్నాయి.

కోత చూడటం మాత్రం వదలకండి. తోలుని కొంచెం తడిపి బల్ల అంచు మీద చేతులతో లాగుతూ సాగదీస్తారు, పొడుగు వైపు ఇంక సాగకుండా అయ్యేదాకా లాగి, అడ్డం వైపు మాత్రం సాగే గుణం ఉంచుతారు, అప్పుడే గ్లవ్ వేసుకుంటే వేళ్ళకి అతుక్కుని ఉంటుంది, నెలలు గడిచినా వేళ్ళు పొడుగవ్వవు. ఆ లాగడంలో ఎంత బలం పెట్టాలో ఏ మెషినూ చెప్పలేదు, ప్రతి తోలూ వేరు. ఆ పనివాడి చేతులు చూస్తూ చాలాసేపు నిలబడిపోయా.

కోఠి_ఇమ్రాన్:

మేడమ్, నాది కోఠిలో కత్తులు, కత్తెరల షాపు, నాన్నగారి కాలం నుంచి ఉంది. ఫ్రాన్స్ పోలేదు గానీ లయోల్ కత్తి గురించి చెప్పగలను, సరుకు చేతిలో పట్టుకుని చూసినవాణ్ణి.

ఇది మడతకత్తి. 1829లో కల్మెల్స్ అనే ఆయన ఓబ్రాక్ మీద ఉన్న లయోల్ ఊళ్ళో చేయడం మొదలుపెట్టాడు. ఇది పశువుల కాపరి సామాను, షోకు సామాను కాదు. 1840లో దబ్బనం లాంటి ముల్లు ఒకటి కలిపారు, తోలు పట్టీలకి బెజ్జం పెట్టుకోవడానికి, తడి గడ్డి తిని ఆవుకి కడుపు ఉబ్బితే పొడిచి గాలి తీయడానికి కూడా వాడేవాళ్ళట. 1880లో సీసా బిరడా తీసే స్క్రూ వచ్చింది, దానికీ కారణం ఉంది, ఈ కొండల్లోంచి చలికాలం పని కోసం పారిస్ పోయిన మగాళ్ళు అక్కడ బొగ్గు, వైన్ అమ్మే కొట్లు పెట్టుకున్నారు, ఆ కొట్లే తర్వాత కాఫీ హోటళ్ళు అయ్యాయి. మన దగ్గర ఇరానీ హోటల్ అంటే ఎక్కడినుంచి వచ్చినవాళ్ళు పెట్టారో పేరులోనే తెలిసిపోతుంది కదా, పారిస్ కాఫీ హోటళ్ళకి అవేరాన్ వాళ్ళు అట్లా. కత్తికి స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మ ఉంటుంది, పిడికి ఆవుకొమ్ము, పిడి మీద చిన్న ఇత్తడి మేకులతో సిలువ గుర్తు, కాపరులు కత్తిని రొట్టెలో నిలబెట్టి దాని ముందు ప్రార్థన చేసుకునేవాళ్ళని చెప్తారు.

ఇప్పుడు కష్టం ఎక్కడ వచ్చిందంటే, 20వ శతాబ్దం మొదట్లో పని మొత్తం తియెర్ అనే ఇంకో ఊరికి పోయింది, అది శతాబ్దాల నుంచి కత్తుల ఊరే, సాన పెట్టడానికి వాగు నీటి చక్రాలు ఉన్నాయి. లయోల్‌లో కొలిమి ఆగిపోయింది. 1980ల్లో ఊరివాళ్ళు పట్టుబట్టి మళ్ళీ మొదలుపెట్టారు, 1987లో ఫోర్జ్ ద లయోల్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫిలిప్ స్టార్క్ డిజైన్, కప్పులోంచి 18 మీటర్ల కత్తి అలుగు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. అయితే ఈలోపు 1993లో పారిస్ పక్కనున్న ఒక వ్యాపారి లయోల్ అనే పేరుని రకరకాల సామాన్లకి ట్రేడ్‌మార్క్ చేయించుకున్నాడు. ఊరివాళ్ళు సొంత ఊరి పేరు తమ సరుకు మీద వేసుకోవాలంటే కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది, 2012లో నిరసనగా ఊరి బోర్డే పీకేశారు, 2019లో గానీ పారిస్ అప్పీల్ కోర్టు ఆ మార్కుల్లో కొన్నింటిని రద్దు చేయలేదు. ఫ్రాన్స్‌లో చీజ్‌కి, వైన్‌కి ఎప్పటినుంచో రక్షణ ఉంది గానీ చేతిపనులకి పుట్టినచోటు పేరుని కాపాడే మన జీఐ లాంటి చట్టం 2014లోనే వచ్చింది. మన చట్టం 1999ది, 2003 నుంచి అమల్లో ఉంది, అందులో మొదటినుంచీ చేతిపనులు కూడా ఉన్నాయి, ఈ ఒక్క విషయంలో మనమే ముందున్నాం.

పేరు పోతే ఏమవుతుందో మనకి బాగా తెలియాలి మేడమ్. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు అంతదూరం నుంచి వచ్చి దగ్గరుండి కొనుక్కుపోయేవాళ్ళు. ఇలాంటి మన ఉక్కుతోనే అటువైపు కత్తులు చేశారు, లోకం వాటిని డమాస్కస్ కత్తులు అన్నది. కోనసముద్రం పేరు మన హైదరాబాద్‌లోనే ఎంతమందికి తెలుసు? ఆ ఊళ్ళో కొలిమి ఆరిపోయింది, పేరు కూడా లేదు. లయోల్ వాళ్ళు పోట్లాడారు కాబట్టి మిగిలారు.

కొనేటప్పుడు లయోల్ అని రాసుంది కదా అని తీసుకోకండి, ఆ పేరుతో ఎక్కడెక్కడో చేసిన చవక సరుకు కుప్పలు. అలుగు మీద చేసిన వర్క్‌షాప్ పేరు, ఊరు చూడండి. తెరిచినప్పుడు అలుగు ఎటూ ఊగకూడదు, స్ప్రింగు వెన్ను మీద చెక్కుడు చేత్తో ఆకురాయి పెట్టి చేసిందైతే రెండు కత్తులకి ఒకేలా ఉండదు. కత్తిని క్యాబిన్ బ్యాగులో పెట్టొద్దు, చెక్-ఇన్‌లోనే వేయండి.

నల్లకుంట_శారద:

అమ్మా హారికా, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పై ఇద్దరూ పనుల గురించి బాగా రాశారు, నేను పాత సంగతులు కొన్ని కలుపుతాను.

మియో పక్కనే గ్రోఫెసెంక్ అని తవ్వకాల స్థలం ఉంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అక్కడ ఎర్రటి నిగనిగలాడే మట్టిపాత్రలు వేలకొద్దీ కాల్చేవాళ్ళు, బ్రిటన్ దాకా వెళ్ళాయి, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ఇటలీ ఊరు పాంపేయి శిథిలాల్లో ఈ ఊరి గిన్నెలు ఇంకా విప్పని పెట్టెలో దొరికాయి. కుమ్మరులు ఒక్కో ఆవంలో ఎవరివి ఎన్ని పాత్రలు పెట్టారో పళ్ళేల మీదే గీసుకున్న లెక్కలు కూడా దొరికాయమ్మా, కొంత లాటిన్, కొంత అక్కడి గాల్ భాష. రాజుల శాసనాలు ఎన్నో చదివాను గానీ పనివాళ్ళు తమ లెక్క తామే రాసుకున్నది ఇంత పాతది చూసినప్పుడు కలిగిన సంతోషం వేరు. మియో మ్యూజియంలో ఈ పాత్రలూ గ్లవ్స్ చరిత్రా రెండూ ఒకే భవనంలో ఉన్నాయి, అక్కడి నుంచే మొదలుపెట్టు.

ఓబ్రాక్ మీదుగా స్పెయిన్‌లోని సాంతియాగోకి వెళ్ళే యాత్రికుల బాట పోతుంది. 12వ శతాబ్దంలో ఆ మంచు మైదానంలో యాత్రికుల కోసం సత్రం కట్టారు, పొగమంచులో దారి తప్పినవాళ్ళ కోసం గంట కొట్టేవాళ్ళు. అదే బాటలో కోంక్ ఊరు, సెయింట్ ఫోయ్ చర్చి, వాకిలి పైన రాతిలో తీర్పురోజు దృశ్యం, నూటికి పైగా బొమ్మలు. ఆ చర్చి కిటికీలకి 1994లో పియెర్ సులాజ్ చేసిన గాజు పెట్టారు, ఆయన రోదెజ్‌లోనే పుట్టిన చిత్రకారుడు, రంగు లేని గాజు, వెలుతురు మాత్రమే మారుతూ ఉంటుంది.

దక్షిణాన లార్జాక్ పీఠభూమి మీద 12వ శతాబ్దంలో టెంప్లర్లు అనే యోధ సన్యాసులు గొర్రెలూ గుర్రాలూ పెంచారు, వాళ్ళ తర్వాత హాస్పిటలర్లు అనే అలాంటి ఇంకో యోధ సన్యాసుల సంఘం వచ్చింది, 15వ శతాబ్దంలో కట్టిన ప్రాకారం లా కువెర్త్వారాద్‌లో చెక్కుచెదరలేదు.

ఇంతకంటే దగ్గరి చరిత్ర ఒకటుంది, అది నాకు ప్రాణం. 1971లో ప్రభుత్వం లార్జాక్ మీద ఉన్న మిలిటరీ క్యాంపుని సుమారు 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకి పెంచుతామంది. గొర్రెల రైతులు 103 మంది భూమి అమ్మేది లేదని 1972లో ప్రమాణపత్రం మీద సంతకాలు పెట్టారు. అదే రోజుల్లో వాళ్ళ దగ్గరికి లాంజా దెల్ వాస్తో వచ్చి పదిహేను రోజులు నిరాహారదీక్ష చేశాడు. ఆయన ఇటలీవాడు, 1937లో వార్ధాలో గాంధీగారి దగ్గర ఉన్నాడు, గాంధీగారు ఆయనకి పెట్టిన పేరు శాంతిదాస్. రైతులూ ఊళ్ళ ఫాదర్లూ వంతులవారీగా ఆ దీక్షలో కూర్చున్నారు, అక్కణ్ణుంచి ఉద్యమం మొత్తం హింస లేకుండా నడిచింది. గొర్రెల్ని తీసుకెళ్ళి ఈఫిల్ టవర్ కింద మేపారు, ట్రాక్టర్లతో పారిస్ బయల్దేరారు, అనుమతి లేకుండా లా బ్లకియేర్‌లో వాలంటీర్లు అందరూ కలిసి రాతి గొర్రెలకొట్టం కట్టారు. పదేళ్ళు! 1981లో మిత్తెరాన్ అధ్యక్షుడు కాగానే క్యాంపు విస్తరణ రద్దయింది. మిలిటరీ అప్పటికే కొన్న భూమిని తర్వాత రైతుల సంఘానికి దీర్ఘకాల లీజుకిచ్చారు, ఎవరూ అమ్ముకోవడానికి లేదు, సాగు చేసేవాళ్ళకే. రోక్‌ఫోర్ పాలు ఇవాళ్టికీ ఆ నేల మీద నుంచి వస్తున్నాయంటే ఆ 103 సంతకాల వల్లే. ఆ కొట్టం తప్పకుండా చూడమ్మా.

సిద్దిపేట_మల్లేశ్:

హారికక్కా, శారద మేడమ్ రాసింది సదివి రెండుసార్లు మళ్ళ సదివిన. నేను సిద్దిపేట దిక్కు కురుమోళ్ళ ఇంట్ల పుట్టిన, ఇప్పుడు ఉప్పల్‌ల ఉంటున్న. ప్రవీణన్న చెప్పిన గొర్రె, పాలు, తోలు ముచ్చట మాకు బాగ తెలుస్తది ఎందుకంటే మా దగ్గర గది తెగిపోయింది. మా తాతకు దక్కనీ నల్ల గొర్రెలు ఉండె, యాడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తే అమ్మమ్మలు వడికేది, గుంట మగ్గం మీద గొంగడి నేసేది, పడుగుకు చింతగింజల గంజి పెట్టేది, వానకు కప్పుకున్నా లోపట తడి రాకపోయేది. తర్వాత మాంసం ఎక్కువొస్తదని నెల్లూరు జాతి గొర్రెలు పట్టుకొచ్చిన్రు, వాటికి ఉన్ని ఉండదు. గొర్రె మారింది, ఉన్ని పోయింది, ఉన్ని పోతే మగ్గం పోయింది, నేసుడు వచ్చినోళ్ళు ముసలోళ్ళు అయిన్రు. ఎవ్వలు గొంగడి వద్దని మానేయలే, గొర్రె మారినంక అదే బందయింది.

ప్రవీణన్నా ఒకటి అడుగుత, ఆ లకోన్ గొర్రెల ఉన్ని ఏం జేస్తరు? వాళ్ళకు గొంగడి లాంటిది ఉండెనా? ఇంకొకటి, మందలు తోలుకపోవుడు, చేన్లల్ల మంద పెట్టుడు ఉంటదా?

తార్నాక_ప్రవీణ్:

మల్లేశ్ తమ్ముడూ, నువ్వు అడిగింది సరైన ప్రశ్న. రూయెర్గ్‌లో 18వ శతాబ్దంలో ముతక ఉన్ని గుడ్డ నేత పెద్ద పనే, లోట్ నది ఒడ్డున సెయింట్ జెనియే అనే ఊరు ఆ డబ్బుతోనే ఎదిగింది, ఇప్పటికీ పెద్ద పెద్ద ఇళ్ళు ఉంటాయి. తర్వాత మిల్లు గుడ్డ వచ్చి అది పోయింది. రోక్‌ఫోర్ పెరిగే కొద్దీ గొర్రెని పాల కోసమే ఎంచుకుంటూ వచ్చారు, ఇవాళ లకోన్ గొర్రెకి పొట్ట కింద, తల మీద ఉన్నే ఉండదు, వీపు మీద ఉన్నది కూడా కొంచెమే, కత్తిరించిన కూలి కూడా గిట్టదు. అంటే వాళ్ళూ ఒక పనిని పోగొట్టుకున్నారు. తేడా ఏంటంటే గొర్రె మారినప్పుడు దాని మీద ఇంకో రెండు పనులు నిలబడ్డాయి, మీ దగ్గర మాంసం తప్ప ఇంకేమీ నిలబడలేదు. పాల సొసైటీలు, గుహలు, చట్టం అన్నీ ఊళ్ళ దగ్గరే ఉండటం పెద్ద కారణం అని నా అభిప్రాయం.

మంద తోలుకుపోవడం ఉంది. దక్షిణ మైదానాల గొర్రెలు వేసవిలో కొండలెక్కేవి, కొంత ఇప్పటికీ నడుస్తోంది. ఓబ్రాక్ మీద ఆవులు. హారిక గారూ, మీ తేదీలకి ఇది సరిగ్గా కుదురుతుంది. మే 25 సెయింట్ అర్బన్ రోజు, ఆ చుట్టుపక్కల వారాంతంలో కింది ఊళ్ళనుంచి ఆవుల్ని పూలు, జెండాలు, పెద్ద గంటలతో అలంకరించి పై గడ్డికి నడిపిస్తారు, అక్టోబరు మధ్య దాకా పైనే ఉంటాయి. ఓబ్రాక్ ఆవు గోధుమరంగు, కళ్ళకి కాటుక పెట్టినట్టు నల్లటి గీత. ఒకప్పుడు కాపరులు బురోన్ అనే రాతి గుడిసెల్లో వేసవంతా ఉండి అక్కడే లయోల్ చీజ్ చేసేవాళ్ళు, ఇప్పుడు చాలావరకు పాడుబడ్డాయి, కొన్నింట్లో భోజనం పెడతారు. అలిగో తినండి, ఉడికించిన ఆలుగడ్డ ముద్దలో మాగని తాజా చీజ్ వేసి గరిటెతో సాగదీస్తారు, మీరు శాకాహారి అయితే చీజ్‌కి పాలు విరగ్గొట్టడానికి వాడే రెన్నెట్ గురించి ముందే అడగండి, పశువు కడుపులోంచి తీసింది వాడతారు.

హబ్సిగూడ_హారిక:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. నేను అన్నీ తింటా. మొదటి శని ఆదివారం మియో, గ్రోఫెసెంక్, రోక్‌ఫోర్, లార్జాక్. మే 25 దగ్గర్లోది లయోల్, ఓబ్రాక్. ఇంకోటి కోంక్, రోదెజ్. బస్సులతో అవుతుందా, కారు తప్పదా? మల్లేశ్ తమ్ముడూ, నేత వచ్చిన మీ ఊరి పెద్దవాళ్ళు ఇప్పుడు గొంగడి చేసిస్తే నేను రెండు తీసుకుంటా, ధర నువ్వే చెప్పు. వాళ్ళు పనిచేస్తుంటే చూడనిస్తారా?

తార్నాక_ప్రవీణ్:

రోదెజ్‌కి తులూజ్ నుంచి రైలు ఉంది, రెండు గంటల పైన పడుతుంది. మిగతా వాటికి కారే. ఇక్కడే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అక్కడ కుడివైపు నడపాలి. లార్జాక్ వెళ్ళేటప్పుడు 2004లో కట్టిన మియో వంతెన మీదుగా కాకుండా కింద ఊళ్ళోంచి పోండి, 343 మీటర్ల ఎత్తు కింద నుంచే తెలుస్తుంది. గొర్రెల పాలు పిండే కాలం డిసెంబరు నుంచి జులై వరకూ ఉంటుంది కాబట్టి జూన్‌లో సాయంత్రం పూట పిండటం చూడొచ్చు, కొన్ని ఫారాలు ముందు ఫోన్ చేస్తే రానిస్తాయి.

సిద్దిపేట_మల్లేశ్:

సూడనిస్తరక్కా, ఎందుకియ్యరు. మా పెద్దనాయిన ఇంకా నేస్తడు, కని నల్ల ఉన్ని దొరుకుడే కష్టం, కర్ణాటక దిక్కుకెల్లి తెప్పియ్యాలె. నువ్వు పోయే లోపల అయితదో కాదో, వచ్చినంక ఒక ఆదివారం రా, ధర ఆయన్నే అడుగుదువు. అటు పోయినప్పుడు ఆ రాతి నీళ్ళ గుంటలు, గొర్రెల కొట్టం లోపటి కమాన్లు ఫోటోలు తీసి ఈడ పెట్టు, పెద్దనాయినకు సూపిస్త.